షల్ సారు గండికోటకు పోయిన పొద్దు

జమ్మలమడుగు బస్టాండులో దిగి గురురాజారావు గారి ఇల్లెక్కడని అడిగితే ఏ ఆటో అతనూ నోరు తెరవడు. షల్ సారు ఇల్లు యాడ అని అడిగితే మాత్రం నలుగురు పోటీపడి ఎక్కించుకుంటారు. ఆ పేరు తల్లిదండ్రులు పెట్టింది కాదు. పులివెందులలో ముప్పై ఏళ్ళకు పైగా ఆయన దగ్గర ఇంగ్లీషు చదువుకుని చెవులు ఎర్రబడిన పిల్లలు పెట్టింది. ఆయన రిటైరయి ఇక్కడ స్థిరపడినా ఆ పేరు వెంటే వచ్చింది.

ఇంగ్లీషులో 'నేను' అని మొదలుపెట్టి రేపటి సంగతి చెప్పాల్సి వస్తే 'షల్' అనాలి, 'విల్' అనకూడదు. విల్ అంటే అది వట్టి రేపటి మాట కాదు, పట్టుదల. దొరల కాలం వ్యాకరణ పుస్తకంలో ఉన్న నియమం అది. ఆ దొరలే దాన్ని గాలికొదిలేసి చాలా కాలమయింది. వదిలేసినట్టు మన సారుకు ఎవరూ కబురు పంపలేదు, అంతే.

ఆయన మీద ఊళ్ళో ఒక కథ తిరుగుతూ ఉంటుంది. నిజమా అని ఎవరూ ఎవరినీ అడగరు. ఒకసారి పులివెందుల బస్సులో జేబుదొంగ ఒకడు సారు జేబులో చెయ్యి పెట్టి దొరికిపోయాడట. చదువుకున్న దొంగ. "సారీ సర్, ఐ విల్ నాట్ డూ ఇట్ అగైన్" అన్నాడట. సారు వాడి చెయ్యి వదిలేసి చెవి పట్టుకున్నారట. "ఇది వట్టి భవిష్యత్తా, గట్టి సంకల్పమా? సంకల్పమయితే విల్ సరిపోతుంది. వట్టి భవిష్యత్తయితే షల్ అనాల. నీది ఏది?" దొంగ అంతవరకూ ఆ సంగతి తేల్చుకోలేదాయె. వాడు ఆలోచిస్తుండగానే బస్సు ముద్దనూరు దాటింది, సారు పాఠం దాటలేదు. పులివెందుల రాగానే వాడు కండక్టరు కాళ్ళు పట్టుకుని, "అన్నా, నన్ను పోలీసు స్టేషన్ కాడ దించన్నా, నీకు పుణ్యముంటాది" అని ఏడ్చాడట.

షల్ ఒక్కటే అయితే దొంగలు తట్టుకునేవాళ్ళేమో. ఇంకా ఉన్నాయి. వాక్యాన్ని 'అండ్'తోనో 'బట్'తోనో మొదలుపెడితే తలకు టోపీ బదులు చెప్పు పెట్టుకున్నట్టు. 'ఫర్', 'ఎట్', 'విత్' లాంటి బుల్లి మాటలతో ముగిస్తే పంచె కొంగు బురదలో ఈడ్చుకుపోయినట్టు. ఇలాంటివి సారు నాలిక మీద బారులు తీరి నిలబడి ఉండేవి. ఒకప్పుడు ఊళ్ళో ఇంగ్లీషులో బోర్డు రాయాలన్నా, పెళ్ళిపత్రిక అచ్చేయాలన్నా ముందు ఆయన అరుగెక్కాల్సిందే. ఇప్పుడు పెళ్ళిపత్రికలు ఫోన్లలో తయారవుతున్నాయి, బోర్డులు ఫ్లెక్సీ మిషన్లలోంచి వస్తున్నాయి. అరుగెక్కేవాడు ఒక్కడే మిగిలాడు. అతను బోర్డుల పెయింటర్ అలీ అహ్మద్.

ఫ్లెక్సీలు వచ్చాక అలీ అహ్మద్‌కు ఆటోల వెనక రాతలు, నంబరు ప్లేట్లు తప్ప పెద్ద పని లేదు. అయినా ఇంగ్లీషు ముక్క ఒక్కటి రాయాల్సి వచ్చినా కాగితం పట్టుకుని వచ్చేవాడు. మొన్నామధ్య ఒక ఆటో వెనక రాయడానికి 'గాడ్ ఈజ్ గ్రేట్' అన్న మూడు మాటలు తెచ్చాడు. సారు అద్దాలు తుడుచుకుని, కాగితాన్ని వెలుతురుకు పట్టి, చాలాసేపు చూసి, "తప్పు లేదు, రాసుకో" అన్నారు.

"మీరు చూసినాక దేవునికి గూడా ధైర్యం వచ్చింటాది సార్" అన్నాడు అలీ అహ్మద్.

అతను వెళ్ళిపోయాక లోపలినుంచి సీతమ్మ గారు చేటతో బియ్యం చెరుగుతూ వచ్చారు. సారుకు ఇల్లాలు, ఆ ఇంట్లో ఇంగ్లీషు రాని ఒకే ఒక్క మనిషి, అందువల్ల ఆయనంటే భయం లేని ఒకే ఒక్క మనిషి.

"ఆయప్ప తప్పులు దిద్దిచ్చుకునేకి వస్తాండాడని అనుకుంటాండారా?"

"మరెందుకొస్తాడు?"

"మిమ్మల్ని చూసిపోయేకి" అన్నారావిడ. సారు ఆ మాటను విన్నారు కానీ మనసులో పెట్టుకోలేదు.

పోయిన ఎండాకాలం సారు రెండు కళ్ళకూ శుక్లాలు ముదిరాయి. ప్రొద్దుటూరులో ఆపరేషన్ చేశారు. తర్వాత మాటిమాటికీ వెళ్ళి చూపించుకోవాలి. బస్సులో దుమ్ము కళ్ళలో పడకూడదు. ఎలాగా అని ముసలిదంపతులు ఆలోచిస్తుండగా అలీ అహ్మద్ కూతురు మసరత్ స్కూటీ తెచ్చి గుమ్మం ముందు ఆపింది. డిగ్రీ అయిపోయి ఇంట్లో ఉన్న పిల్ల. "ఎక్కండి సార్, నా బండికి దుమ్మంటే భయం, అదే పక్కకు పోతాది" అంది.

సారు నల్లద్దాలు పెట్టుకుని, రెండు చేతులా వెనక కమ్మీ పట్టుకుని, బిగుసుకుపోయి కూర్చున్నారు. కళ్ళకు ఏమీ తెలియదు. ఆ తెలియని దారి పొడవునా మసరత్ మాట్లాడుతూనే ఉంది. "సార్, ఎదురుగా చీనీకాయల లారీ వస్తాంది, డ్రైవరు నిద్రమొగం, హారన్ కొట్టి పలకరిస్తా, ఉండండి... ఇప్పుడు కుడిపక్క పెండ్లోళ్ళ జీపు సార్, పెండ్లికొడుకు ముందర కూచోని ఫోన్ చూస్తాండాడు, పెండ్లికూతురు వాన్ని చూస్తాంది... ఈడ కొత్తగా హోటలు పెట్టినారు సార్, పేరు రాజభోగం, ఉండేది మూడు బల్లలు." ఆ నోటివెంట ప్రొద్దుటూరు దారి మొత్తం సారుకు రంగులతో సహా కనిపించింది. పోతూ వస్తూ ఆయన నవ్వినంత నవ్వు ఆ ఏడాది మొత్తం మీద నవ్వలేదు. కళ్ళ కట్టు తీసి, మందుచుక్కలు ఆపేసి, డాక్టరు ఇక రానక్కర్లేదన్న రోజున లోలోపల ఆయనకు కొంచెం దిగులేసింది కూడా.

"ఆ పిల్లకు నేనేమివ్వగలను?" అని సీతమ్మ గారిని అడిగారు ఆ సాయంత్రం. "కొడుకైనా ఇంత ఓపిగ్గా తిప్పడే."

"మీకాడ ఏముందో అది ఇయ్యండి" అన్నారావిడ.

ఆయన దగ్గరున్నది ఇంగ్లీషు. అవసరమూ అప్పుడే వచ్చింది. గండికోట దగ్గర ఎవరో ప్రైవేటువాళ్ళు కొత్తగా రిసార్టు కడుతున్నారు. వచ్చే పోయేవాళ్ళకు కోట తిప్పి చూపించడానికి గైడు కావాలన్నారు. మసరత్ తల్లి ఖమ్రున్నీసాకు కోట దగ్గరే సోడాబండి ఉంది; పిల్ల నడక నేర్చింది ఆ రాళ్ళ మీదే. కోట పనిలో చేరితే ఇంటి పట్టునే ఉండొచ్చు. లేకపోతే బెంగళూరులో మేనత్త కొడుకు చూసిపెట్టిన బట్టల షాపు కౌంటర్లో నిలబడాలి. "ఆడ పొద్దుగూకులూ లైట్లు తప్ప ఎండ గూడా కనపడదంట సార్" అని చెప్పింది మసరత్. అంతకంటే ఎక్కువ చెప్పలేదు. సారుకు అర్థమయింది.

"దిగులుపడొద్దమ్మా. రేపట్నుంచి సాయంత్రం వచ్చి అరుగు మీద కూచో. నీ ఇంగ్లీషును నిగనిగలాడేట్టు నేను తోముతాను."

మసరత్ ఒక్క గడియ గోడకేసి చూసింది. "మీరు నేర్పిస్తే అంతకంటేనా సార్" అంది.

ఆ ఒక్క గడియ ఎందుకు ఆగిందో సారు పట్టించుకోలేదు. ఆయన అప్పటికే అటక మీది వ్యాకరణ పుస్తకం దించమని కేకవేస్తున్నారు.

పాఠాలు సాగాయి. మసరత్ రోజూ వచ్చింది. అరుగు మీద కూర్చుని, వెన్ను నిటారుగా పెట్టి, ఒక్కో వాక్యాన్ని ముందు మనసులో తూచుకుని, తర్వాత పెదాల దాకా తెచ్చుకుని, షల్ చోట షల్ ఉందో లేదో తడుముకుని, అప్పుడు బయటికి వదిలేది. వాక్యం తప్పు లేకుండా వచ్చేది. సారు ముఖం వెలిగిపోయేది.

ఒకరోజు పాఠం మధ్యలో మసరత్‌కు ఫోన్ వచ్చింది. కోట చూసి వెళ్ళిన ఏదో ఊరి ఆవిడ, తన గొడుగు సోడాబండి దగ్గర మరిచిపోయానని. మసరత్ మాట్లాడటానికి వంటింట్లోకి వెళ్ళింది. కాసేపటికి సీతమ్మ గారు కొంగు నోటికడ్డం పెట్టుకుని బయటికొచ్చారు.

"ఏమండీ, ఆ పాప లోపల బో మాట్లాడతాంది, ఇంగ్లీషులోనే. వానచుక్కలు రేకుల మీద పడినట్లు. మీ ఎదురుగ్గా ఉంటేనే దానికి ఎక్కిళ్ళు."

"నీకు ఇంగ్లీషు తెలుసా?"

"నాకు ఎక్కిళ్ళు తెలుసు" అన్నారావిడ.

రిసార్టు మేనేజరు రోహిత్ అని హైదరాబాదు నుంచి వచ్చిన కుర్రాడు. మొదట ఆఫీసుకు పిలిచి మాట్లాడించాడు. మసరత్ ఇంటికొచ్చి, "ఆయప్ప తొందరలో ఉన్నాడు సార్, సరిగ్గా కుదర్లేదు. ఆదివారం నిజంగా టూరిస్టుల్ని తిప్పి చూపించమన్నాడు. దాంతో తేలిపోతాదంట" అంది. సారు నొచ్చుకున్నారు. తొందరపడే మనుషుల మీద రెండు మాటలు విసిరి, శనివారం దాకా పాఠాన్ని రెట్టింపు చేశారు. పిల్ల కళ్ళ కింద నల్లచారలు వచ్చాయి. కాదని మాత్రం అనలేదు.

"సార్, ఆదివారం మీరు గూడా రండి" అని పిలిచింది. "మీరుంటే ధైర్యం." ఆ మాట ఎంత నిజమో ఆ పిల్లకే తెలియాలి. పిలవకపోతే సారు చిన్నబుచ్చుకుంటారని మాత్రం జమ్మలమడుగులో అందరికీ తెలుసు.

ఆదివారం పొద్దున్నే సారు ఇస్త్రీ చేసిన పంచె కట్టి, కండువా వేసుకుని, అలీ అహ్మద్‌తో ఆటోలో గండికోట చేరారు. ఖమ్రున్నీసా బండి దగ్గరికి వెళ్ళగానే నిమ్మకాయ సోడా చేతిలో పెట్టింది. "పాప రాత్రంతా వల్లె వేసింది సార్. నిద్రలో గూడా ఇంగ్లీషే" అంది. గొంతులో గర్వమూ ఉంది, గుబులూ ఉంది.

రోహిత్ ఒక చిన్న గుంపును వెంటబెట్టుకుని వచ్చాడు. కలకత్తా నుంచి వచ్చిన భార్యాభర్తలు, కేరళ నుంచి ఇద్దరు అమ్మాయిలు, ఫ్రాన్సు నుంచి వచ్చిన పొడుగాటి ముసలాయన, ఇంకా ఇద్దరు ముగ్గురు. వీళ్ళు చివర్లో ఎలా ఉందో చెబుతారు, దాన్నిబట్టి తన నిర్ణయం, అని మసరత్‌కు చెప్పి అతను గుంపు వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు.

మసరత్ మొదలుపెట్టింది. "లేడీస్ అండ్ జెంటిల్మెన్, ఐ షల్ నౌ ప్రొసీడ్ టు షో యూ..."

సారు కళ్ళు మూసుకుని తలూపారు. ఒక్క తప్పు లేదు. షల్ నిలబడాల్సిన చోట సిపాయిలా నిలబడింది. వాక్యం తలమీద అండ్ లేదు, తోక దగ్గర ఎట్ లేదు. మీరు చూస్తున్న ఈ ద్వారం అని చెప్పాల్సి వచ్చినప్పుడు, 'ఎట్'ను వెనకనుంచి తెచ్చి మధ్యలో కూర్చోబెట్టడానికి ఆ పిల్ల ఆగింది. ఆగి, కూర్చోబెట్టి, ముందుకు పోయింది. చింతామణి రత్నాన్ని చూసినట్టు సారు మురిసిపోయారు.

కళ్ళు తెరిచేసరికి కలకత్తా ఆయన ఆవలిస్తున్నాడు. కేరళ అమ్మాయిల్లో ఒకతె ఫోన్ చూసుకుంటోంది. ఫ్రాన్సు ముసలాయన గోడ పక్కన మేస్తున్న మేకను ఫోటో తీస్తున్నాడు. మేక కూడా వినడంలేదు.

కోటలోని మసీదు దగ్గరా ఇదే వరస. గుంపు సాగిపోయి చివరివాళ్ళు ఎక్కడో మిగిలిపోయారు. రోహిత్ గడియారం చూసుకున్నాడు. మసరత్ మెడమీద చెమట కారుతోంది. వాక్యానికీ వాక్యానికీ నడుమ వచ్చే నిశ్శబ్దంలో ఒక లారీ పట్టేంత చోటుంది.

"ఏమోయ్ అలీ, జనం విననట్టుందే?" అని సారు మెల్లగా అడిగారు.

"ఎండ సార్" అన్నాడు అలీ అహ్మద్. అప్పుడు మబ్బు పట్టి ఉంది.

నది లోయ అంచుకు పోయే దారిలో అంతా రాతిగుండ్లే. కలకత్తా ఆవిడ చెప్పు జారి, రెండు గుండ్ల మధ్య కాలు ఇరుక్కుని, కింద కనిపించే లోయను చూసి కెవ్వుమంది. మసరత్ మేకపిల్లలా ఎగిరి అక్కడికి చేరింది. "డోంట్ లుక్ డౌన్ ఆంటీ! లుక్ ఎట్ మీ, ఓన్లీ మీ! రివర్ ఈజ్ నాట్ గోయింగ్ ఎనీవేర్!" అంటూ చెయ్యి పట్టుకుంది. కాలు విడిపిస్తూనే గలగలా మాట్లాడింది. ఈ గుండుకు కొత్తవాళ్ళ కాళ్ళంటే చాలా ఇష్టమని, పోయిన నెల ఒక కలెక్టరు గారి కాలు పట్టుకుని పిటిషన్ ఇచ్చిందని, తన చిన్నతనంలో తనను మాత్రం రోజూ వదిలేసేదని, ఎందుకంటే దానికి లోకల్ వాళ్ళంటే లోకువని. ఆవిడ ఏడుపు మధ్యలో నవ్వేసింది. కేరళ అమ్మాయిలు ఫోన్లు జేబుల్లో పెట్టి దగ్గరికొచ్చారు. ఫ్రాన్సు ముసలాయన మేకను వదిలేశాడు. ఇంగ్లీషు ఇరుక్కోలేదు, తడబడలేదు, వరదలా వచ్చింది. అందులో సారు నేర్పిన నియమం ఒక్కటి కూడా లేదు.

అది విని సారు చెయ్యి ఎందుకో కళ్ళద్దాల దగ్గరికి పోయింది. ఈ గొంతు ఆయనకు తెలుసు. ప్రొద్దుటూరు దారి పొడవునా తన ముందు కూర్చుని లారీలకూ పెళ్ళిజీపులకూ ప్రాణం పోసిన గొంతు ఇది. అరుగు మీద ఇన్నాళ్ళూ ఇది ఒక్కసారి కూడా వినబడలేదు.

సరిగ్గా అప్పుడే మసరత్ తలెత్తి సారు వైపు చూసింది. దొంగతనంగా మామిడికాయ కొరికి దొరికిపోయిన పిల్ల చూసే చూపు. నాలిక కరుచుకుంది. గుంపు వైపు తిరిగి, వెన్ను నిటారు చేసి, "లేడీస్ అండ్ జెంటిల్మెన్, ఐ షల్ నౌ..." అంది.

వెలుగుతున్న ముఖాలు ఒక్కొక్కటే ఆరిపోయాయి.

గురురాజారావు గారు తన కండువా కొస పట్టుకుని అక్కడే నిలబడిపోయారు. ఈ పిల్లకు ఇంగ్లీషు రాకపోవడమేమిటి! సోడాబండి దగ్గర పెరిగి, దేశదేశాలవాళ్ళతో మాట్లాడి తెచ్చుకున్న ఇంగ్లీషు అది. తన కోసం దాన్ని మూటగట్టి పక్కన పెట్టింది. ముసలాయన సంబరంగా ఇస్తున్నాడు, వద్దంటే నొచ్చుకుంటాడు అని, పని పోయేట్టున్నా పళ్ళ బిగువున షల్ షల్ అని అంటోంది. వీళ్ళ నాన్న మూడు మాటల కాగితం పట్టుకుని తన అరుగెక్కేదీ ఇందుకే. సీతమ్మ చెప్పనే చెప్పింది. తనకు ఇప్పుడు వినబడింది.

ఎవరి మీదా కోపం రాలేదు ఆయనకు. సిగ్గు కూడా రావాల్సినంత రాలేదు. ఇంతమంది కలిసి ఒక ముసలివాడి మనసు నొప్పించకుండా ఇన్నాళ్ళు మోశారు కదా అనిపించింది. మోస్తున్నట్టు బరువైనా తెలియనివ్వలేదు. ఇప్పుడు దిగడం తన వంతు. ఎలా దిగాలి? వెళ్ళిపోతే పిల్ల బెదిరిపోతుంది. నియమాలు వదిలెయ్యమ్మా అని చెబితే, 'అయ్యో సార్, అదేం మాట' అని ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. అలాంటి పిల్ల.

గుంపు ధాన్యాగారం ముందుకు చేరింది. ఎప్పటిదో పెద్ద రాతి గాదె. మసరత్ గొంతు సవరించుకుంటోంది. సారు బడిపిల్లవాడిలా కుడిచెయ్యి పైకెత్తారు.

"హూ బిల్ట్ దిస్?" అన్నారు పెద్దగా. ఊపిరి పీల్చుకుని, మంచులా చల్లటి నీళ్ళలోకి దూకేవాడిలా, "అండ్ వాట్ ఫర్?" అన్నారు.

తలకు చెప్పు, బురదలో కొంగు, రెండూ ఒక్క దెబ్బకు. అలీ అహ్మద్ చేతిలోని సోడా సీసా జారి కింద పడింది. మసరత్ నోరు తెరిచి అలాగే ఉండిపోయింది. తన చెవులను తను నమ్మలేదు.

"వై సైలెంట్?" అన్నారు సారు, కళ్ళు చికిలించి. "యూ డోంట్ నో? ఐ విల్ టెల్! బిగ్ స్టోరీ!" గుంపు మొత్తం ఇటు తిరిగింది. సారు జన్మలో అబద్ధం చెప్పి ఎరుగరు, చెప్పినా ఇంగ్లీషులో చెప్పి ఎరుగరు. అలీ అహ్మద్ అరుగు మీద కూర్చుని ఎన్నోసార్లు చెప్పిన కోతల్లోంచి ఒకటి లాక్కున్నారు. ఈ గాదె ఎంత పెద్దదంటే, కొత్తగా పెళ్ళయిన ఎలుక ఒకటి మొగుడితో దెబ్బలాడి ఈ మూల నుంచి ఆ మూలనున్న పుట్టింటికి బయల్దేరిందంట. చేరేసరికి అవ్వ అయిపోయిందంట. ఇది చెప్పడానికి ఆయన దగ్గర మాటలు చాలక చేతులతో ఎలుక మీసాలు చూపించారు, నడుం వంచి అవ్వను చూపించారు.

కేరళ అమ్మాయిలు పకపకా నవ్వారు. మసరత్ ఇంకా సారు వైపే చూస్తోంది. ఆయన తలను ఒక్క రవ్వ ఊపారు. స్కూటీ మీద వెనక కూర్చుని 'పోనీమ్మా' అని ఊపినట్టు.

"నో నో సార్!" అంది మసరత్. "నాట్ గ్రాండ్‌మదర్. హర్ గ్రాండ్‌మదర్స్ గ్రాండ్‌మదర్! బికాజ్ ఆన్ ద వే షీ స్టాప్డ్ ఫర్ లంచ్!"

అంతే, కట్ట తెగింది. ఆ గాదె తలుపులోంచి ధాన్యం కారినట్టు మాటలు వచ్చాయి. కోతలను కోతలని చెబుతూనే చెప్పింది, నిజాలను నిజాలని చెప్పింది. కోనేరు దగ్గర అమ్మ చెప్పిన ముచ్చట, గోడల మీద చిలకల గూళ్ళు, వానాకాలంలో పెన్న ఎలా ఎర్రబడుతుందో, ఎండాకాలంలో ఎలా ముడుచుకుపోతుందో. లోయ అంచుకు చేరాక ఒక్క నిమిషం ఎవరినీ మాట్లాడొద్దంది, తనూ మాట్లాడలేదు. ఈసారి ఆ నిశ్శబ్దంలో ఎవరూ ఆవలించలేదు. కలకత్తా ఆవిడ మసరత్ చెయ్యి వదలకుండా నిలబడింది. ఫ్రాన్సు ముసలాయన టోపీ తీశాడు.

సారు వెనకగా ఒక బండ మీద కూర్చుని విన్నారు. మొదట్లో లోపల ఏదో చురుక్కుమనేది, పాత అలవాటు. కాసేపటికి అదీ మానేసింది. ఇన్నేళ్ళు తను కాపలా కాసిన నియమాలు ఇంత మెత్తగా పక్కకు తప్పుకుంటాయని ఆయన అనుకోలేదు. వాటి మీద కూడా ఆయనకు ప్రేమే కలిగింది. పులివెందుల బళ్ళో ఎందరికో అన్నం పెట్టాయి అవి. ఇక విశ్రాంతి తీసుకోనీ, అనుకున్నారు.

తిరిగి సోడాబండి దగ్గరికి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. గుంపులోవాళ్ళు రోహిత్‌ను చుట్టుకుని ఒకరి మాట మీద ఒకరు మాట్లాడారు. అతను నవ్వుతూ మసరత్ దగ్గరికొచ్చాడు.

"మొదట్లో భయపడ్డారు కదా? మధ్యలోంచి అదరగొట్టారు. సోమవారం వచ్చి చేరిపోండి. మాట్లాడే పద్ధతి మాత్రం మార్చొద్దు."

ఖమ్రున్నీసా కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. అలీ అహ్మద్ సోడాలు తీసి అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ పంచడం మొదలుపెట్టాడు. మసరత్ నేరుగా సారు దగ్గరికి వచ్చింది. "సార్..." అంది. ఆ పైన ఏ భాషా రాలేదు.

"నువ్వేం చెప్పొద్దు" అన్నారు సారు. "చెప్పాల్సింది నేను. ప్రొద్దుటూరు దాకా నాకు దారంతా చూపించినావు. ఈ పొద్దు మళ్ళీ చూపించినావు. నీ రుణం ఉంచుకోనీ తల్లీ. తీర్చేస్తే మళ్ళీ మా ఇంటికి రావు."

"ఎందుకు రాను సార్? రోజూ వస్తా."

"రా. పుస్తకం అటకెక్కిస్తా. నువ్వు ఊరికే కూచోని కోట ముచ్చట్లు చెప్పు. సీతమ్మకు గూడా వినబడేట్టు."

రోహిత్ పక్కనే నిలబడి ఉన్నాడు. మసరత్‌ను కాస్త పక్కకు పిలిచి, గొంతు తగ్గించాననుకుని అడిగాడు. "ఆ పెద్దాయన మీవాళ్ళా? చాలా సరదా మనిషి. ఇంగ్లీషు కాస్త వీకే అనుకోండి, గ్రామర్ అస్సలు లేదు. అయినా ఈ వయసులో సిగ్గుపడకుండా మాట్లాడారు చూడండి, అది నచ్చింది."

మసరత్ ముఖం కందగడ్డ అయింది. "ఆయన ఎవరనుకున్నారు? పులివెందులలో..." అని అందుకోబోయింది. సారు చెయ్యెత్తి ఆపారు. లేచి వచ్చి, రోహిత్ ముందు రెండు చేతులూ జోడించారు. కళ్ళలో నీళ్ళున్నాయి, పెదాల చివర నవ్వుంది.

"నిజమే బాబూ. ఇప్పుడిప్పుడే ఈ మేడం కాడ నేర్చుకుంటాండా" అన్నారు.

"గుడ్, గుడ్. వదలకండి సార్" అని రోహిత్ ఆయన భుజం తట్టి, జీపెక్కి వెళ్ళిపోయాడు.

అలీ అహ్మద్ అంతవరకూ ఆపుకున్న నవ్వు ఇక ఆపుకోలేక బండ మీద కూలబడ్డాడు. మసరత్ "అబ్బా! నవ్వొద్దు!" అని గద్దించబోయి తనే నవ్వేసింది. ఆటో ఎక్కేటప్పుడు కూడా అలీ అహ్మద్ కళ్ళు తుడుచుకుంటూనే ఉన్నాడు.

"సార్, ఈ ముచ్చట సీతమ్మక్కకు నేను చెప్తా. మీరు చెప్పొద్దండి. మీరు చెప్తే తగ్గిచ్చి చెప్తారు."

"నువ్వు చెప్తే ఏమని చెప్తావు?"

"మీ ఇంగ్లీషు ఇని ఆ మేనేజరు కన్నీళ్ళు పెట్టుకోని, హైదరాబాదు నుంచి మీకు ట్యూషన్ సారును పంపిస్తానన్నాడని చెప్తా."

సారు ఆలోచించారు. ఆటో కోట దారి దిగుతోంది.

"ట్యూషన్ సారు ఒక్కడే ఏం సరిపోతాడోయ్" అన్నారు. "ఇద్దర్ని పంపిస్తానన్నాడని చెప్పు."